పాటిదిబ్బలో తాతల నాటి తిండిగింజలు

పాటిమన్ను తోలిన చేనికి రెండు మూడేళ్ళ దాకా మరో ఎరువు అక్కర్లేదని మన పెద్దలు చెబుతుంటారు. ఎండాకాలం రాగానే ఒకప్పుడు బండ్లు కట్టుకుని, ఇప్పుడు ట్రాక్టర్లు మాట్లాడుకుని, ఊరవతలి పాటిదిబ్బ నుంచి మన్ను తోలుకున్న రైతులు మీలో చాలామందే ఉంటారు. మన్ను తవ్వేటప్పుడు కుండపెంకులు, ఎముక ముక్కలు, నున్నటి రాళ్ళు, బూడిద పొరలు తగిలితే పక్కకు విసిరేసి ఉంటారు. ఆ మన్నుకు అంత సత్తువ ఎక్కడి నుంచి వచ్చిందని ఎప్పుడైనా ఆలోచించారా?

అది ఒకనాటి ఊరు. జనం కాపురముండి, పశువుల్ని కట్టేసుకుని, పండించుకుని, వండుకుని తిని, పేడ, బూడిద, పొట్టు పారబోసిన చోటు. ఆ ఊరివాళ్ళు ఏ గింజ విత్తారు, ఏ పప్పు వండుకున్నారు అనే సంగతి కూడా ఆ మన్నులోనే దాగి ఉంది. పురావస్తు పరిశోధకులు దాన్ని ఒక్కొక్క గింజగా ఏరి చదువుతున్నారు. వాళ్ళు చెప్పే సంగతులు మన మెట్ట రైతులకు బాగా దగ్గరివి. ఎందుకంటే ఆ పాత ఊళ్ళలో చాలా భాగం మన రాయలసీమలో, పక్కనే ఉన్న బళ్ళారి ప్రాంతంలో, పాలమూరు వైపు ఉన్నాయి. ఆ రైతులు నమ్ముకున్నదీ మనం నమ్ముకున్న వానల్నే.

బూడిద దిబ్బలు ఎవరివి?

బళ్ళారి, రాయచూరు, అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెద్ద పెద్ద బూడిద దిబ్బలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఆ బూడిద ఇటుకబట్టీలో కరిగి గడ్డకట్టిన చిట్టెంలాగా గట్టిపడి ఉంటుంది. పూర్వం రాక్షసుల్ని తగలేసిన బూడిద అని ఊళ్ళలో కథలు చెప్పుకునేవారు. అగ్నిపర్వతం బూడిదేమోనని కొందరు దొరలు అనుకున్నారు. భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే ఆయన 19వ శతాబ్దంలో ఈ ప్రాంతమంతా తిరిగి, ఇవి రాతి గొడ్డళ్ళు వాడిన కాలపు మనుషులవనీ, కాలిన పశువుల పేడ దిబ్బలనీ గుర్తించాడు.

ఆయన మాట నిజమని 1957లో తేలింది. ఆ ఏడాది ఆల్చిన్ అనే పరిశోధకుడు పాలమూరు జిల్లా ఉట్నూరులో ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. (ఇది ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, మక్తల్ వైపు ఉన్న ఊరు.) మొద్దులు పాతి దడి కట్టిన పశువుల దొడ్డి అక్కడ బయటపడింది. దొడ్డిలో పేరుకున్న పేడను కాల్చడం, మళ్ళీ దడి కట్టడం, మళ్ళీ కాల్చడం పలుమార్లు జరిగింది. బూడిదలో ఆవుల గిట్టల ముద్రలు కూడా అచ్చు పడి ఉన్నాయి. నాలుగున్నర వేల ఏళ్ళు దాటిన గిట్టల ముద్రలవి! అనంతపురం జిల్లాలోని పాలవాయిలో కూడా ఇలాంటి దిబ్బలనే తవ్వి చూశారు. కర్ణాటకలోని బూదిహాళ్‌లో ఆచార్య కె.పద్దయ్య చేయించిన తవ్వకాల్లో పశువుల దొడ్డి పక్కనే జనం ఉన్న ఇళ్ళ జాడలూ దొరికాయి.

క్రీ.పూ. 3000 నుంచి క్రీ.పూ. 1200 దాకా సాగిన ఈ కాలాన్ని దక్షిణాది కొత్తరాతి యుగం అంటారు. ఇనుము ఇంకా లేదు. గొడ్డళ్ళు రాతివే. మడకకు కర్రు లేని రోజులు. పశువులు, మేకలు, గొర్రెలు ఉన్నాయి. మరి పంట?

మాడిన గింజే సాక్ష్యం

వేల ఏళ్ళు మన్నులో పడి ఉన్న గింజ కుళ్ళిపోకుండా ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. పచ్చి గింజ ఉండదు. పొయ్యిలో పడి మాడిన గింజ ఉంటుంది. బాగా మాడి బొగ్గయిన గింజను పురుగు ముట్టదు, బూజు తినదు. ఆకారం మాత్రం అలాగే నిలుస్తుంది. వేయించేటప్పుడు ఎగిరిపడినవి, పొంగి పొయ్యిలో పడినవి, పొట్టుతోబాటు నిప్పులో పోసినవి ఇలా మిగిలాయి. అంటే ఆనాటి ఇల్లాలి చేతిలోంచి జారిపోయిన గింజలే ఈనాడు మనకు సాక్ష్యం.

వాటిని పట్టే పద్ధతి కూడా మనకు తెలియనిదేం కాదు. విత్తనాలు ఉప్పునీళ్ళలో పోసి తాలు తీస్తాం గదా, అలాంటిదే. దిబ్బ మన్నును పొరలవారీగా తెచ్చి తొట్టిలో నీళ్ళు పోసి కలుపుతారు. మన్ను, రాయి అడుక్కు పోతాయి. బొగ్గయిన గింజలు తేలికగా ఉంటాయి కాబట్టి పైకి తేలతాయి. ఆ తేటను సన్నటి జాలీ గుండా వంచి, నీడన ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి ఏ గింజ ఏదో గుర్తిస్తారు. గింజలోని కర్బనాన్ని పరీక్షించి వయసు కూడా చెబుతారు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో పనిచేసే డోరియన్ ఫుల్లర్, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్, మన కడప ప్రాంతపు దిబ్బల మీద పనిచేసిన పి.సి.వెంకటసుబ్బయ్య మొదలైనవారు 1990ల చివరి నుంచి ఈ పద్ధతిలో చాలా దిబ్బలు పరిశీలించారు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు, తెక్కలకోట, అనంతపురం జిల్లాలోని వేల్పుమడుగు, కడప జిల్లాలోని హనుమంతరావుపేట, పెద్దముడియం వాటిలో ఉన్నాయి. 2004 నాటికే వాళ్ళకు ఒక సంగతి స్పష్టంగా తేలింది. ఊరు ఏదైనా, తేలిన గింజల్లో అవే నాలుగు మళ్ళీ మళ్ళీ కనిపించాయి.

నాలుగు గింజల సేద్యం

ఆ నాలుగింట్లో రెండు చిరుధాన్యాలు, రెండు పప్పులు.

ఒకటి అండుకొర్ర. హిందూపురం, మడకశిర వైపు రైతులకు దీన్ని పరిచయం చెయ్యనక్కర్లేదు. చింతచెట్ల నీడలో కూడా పండే పంట. రెండోది కొర్రకు దాయాది అయిన ఒక గడ్డి. దాని కంకికి సన్నటి ముళ్ళుండి, నడిచేవాళ్ళ బట్టలకు అంటుకుంటుంది. ఈనాడు మనం కలుపని పీకేస్తున్న ఆ గడ్డి గింజలు ఒకప్పుడు మనుషుల తిండి.

మూడోది ఉలవ. నాలుగోది పెసర. దిబ్బల్లో దొరికిన పప్పుల్లో ఉలవే ముందు పీటన కూర్చుంది. ఎద్దులకు గుగ్గిళ్ళు పెడతాం, చారు కాస్తాం, గుడాలు చేసుకుంటాం. ఆ ఉలవను మన దక్కను నేలలో నాలుగు వేల ఏళ్ళ కిందటే విత్తి కోశారు.

ఈ నాలుగూ బయటి నుంచి వచ్చినవి కావు. వీటి అడవి మూలాలు మన దేశంలోనే ఉన్నాయి. నాలుగూ వానాకాలం పంటలు, తక్కువ తడితో సరిపెట్టుకునేవి. అంటే మన ప్రాంతంలో సేద్యం ఎవరో నేర్పితే మొదలైంది కాదు. ఇక్కడి వాన చూసి, ఇక్కడి గడ్డి చూసి, ఇక్కడి జనమే నేర్చుకున్నారని పరిశోధకులు భావిస్తున్నారు.

ఇంకో సంగతి గమనించండి. ధాన్యం, పప్పు రెండూ కలిసే కనిపిస్తున్నాయి. ధాన్యం కడుపు నింపుతుంది, పప్పు కండ పెడుతుంది. చేనిలో కూడా అంతే. పప్పుధాన్యాల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి. సాళ్ళ మధ్య పప్పు పంట వెయ్యండని ఇవాళ వ్యవసాయ అధికారులు చెబుతున్న మాటకు నాలుగు వేల ఏళ్ళ అనుభవం తోడుగా ఉంది.

ఉలవ తోలు పల్చబడిన కథ

అడవి ఉలవకూ చేని ఉలవకూ తేడా ఎలా వచ్చింది? ఇది రైతు చేతి పనితనం గురించిన కథ. కాస్త నిదానంగా చదవండి.

అడవిలో పెరిగే మొక్కకు తన వంశం నిలబెట్టుకోవడమే పని. గింజలన్నీ ఒకే వానకు మొలిస్తే, ఆ వాన తర్వాత బెట్ట వస్తే, అన్నీ ఒకేసారి చస్తాయి. అందుకని అడవి గింజకు తోలు మందంగా ఉంటుంది. నీళ్ళు తొందరగా లోపలికి దిగవు. కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు, కొన్ని ఆ పై ఏడు మొలుస్తాయి. అడవికి ఇది మంచిదే. రైతుకు మాత్రం చేటు. విత్తిన గింజ అదునుకు మొలవకపోతే చేను పలచబడిపోతుంది.

రైతు ఏం చేశాడు? విత్తాడు. ఆ ఏడు మొలిచిన మొక్కల్నే కోశాడు. కోసినదాంట్లోంచి మళ్ళీ విత్తనం తీశాడు. తోలు మందంగా ఉన్న గింజలు మొలవక మన్నులోనే ఉండిపోయాయి, కల్లానికి రాలేదు. పల్చటి తోలువి మొలిచి కల్లానికి వచ్చాయి. ఏటా ఇదే జరిగేసరికి తోలు పల్చబడుతూ వచ్చింది. ఎవరూ పల్చటి తోలు కావాలని కూర్చుని ఆలోచించలేదు. విత్తడం, కోయడం, మళ్ళీ విత్తనం ఎత్తిపెట్టడం అనే పనే ఆ మార్పు తెచ్చింది.

దీన్ని రుజువు చేసి చూపించారు కూడా. ఫుల్లర్, ఆయనతో పనిచేసిన షార్లీన్ మర్ఫీ మన దక్షిణాది దిబ్బల్లో దొరికిన మాడిన ఉలవగింజల్ని ఇంగ్లాండులోని ఒక పెద్ద ఎక్స్-రే కేంద్రంలో పెట్టి, గింజ పగలగొట్టకుండానే తోలు మందం కొలిచారు. ఆ ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. క్రీ.పూ. 2000 నాటి గింజల దగ్గర్నుంచి కిందికి వచ్చేకొద్దీ తోలు పల్చబడిన వైనం వాటిలో కనబడింది.

మీరు ఇవాళ గొర్రుతో ఉలవలు విత్తితే వారం తిరగకుండా సాలంతా ఒక్క తీరున మొలక కనబడుతుంది. అది కంపెనీ ఇచ్చిన గుణం కాదు. పేరు తెలియని కొన్ని వందల తరాల రైతులు ఇచ్చిన ఆస్తి.

సంగటి, అంబలి ఎప్పటివి?

ఆ దిబ్బల దగ్గర నూరుడు రాళ్ళు, అరగదీసిన గుంటలున్న రాళ్ళు చాలా దొరికాయి. సంగనకల్లు చుట్టుపక్కల కొండగుండ్ల మీద నూరి నూరి పడిన గాడులు ఇప్పటికీ కనిపిస్తాయి. కుండలు, గిన్నెలు విరివిగా ఉన్నాయి. చిన్నగింజల్ని దంచి పొట్టు తీసి, నూకగానో పిండిగానో చేసి కుండలో ఉడకబెట్టుకునే పద్ధతికి ఈ సరంజామా సరిగ్గా సరిపోతుంది. మన సంగటి, అంబలి, జావ ఆ కుటుంబం నుంచి దిగివచ్చినవే. పశువులు ఉన్నచోట పాలు, మాంసం ఉంటాయి. దిబ్బల్లో దొరికిన ఎముకల మీద కోసిన గాట్లు ఆ సంగతి చెబుతున్నాయి.

చిన్నగింజ పొట్టు తీయడం ఎంత కష్టమో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలుసు. ఒక పూట కూటికి ఎన్ని రోకటి పోట్లు! చిరుధాన్యాలు మన పళ్ళెంలోంచి తప్పుకోవడానికి ఈ చాకిరీ కూడా ఒక కారణమే. ఇప్పుడు ఊళ్ళలో చిన్న మరలు వస్తున్నాయి కాబట్టి ఆ అడ్డంకి కొంత తొలగుతోంది.

ఆఫ్రికా నుంచి వచ్చిన చుట్టాలు

ఇక్కడి గింజలతోనే మన వాళ్ళు ఆగిపోలేదు. బయటి గింజ ఏది వచ్చినా వేసి చూశారు.

పశ్చిమాసియా నుంచి సింధు లోయ మీదుగా గోధుమ, బార్లీ వచ్చాయి. కొన్ని దిబ్బల్లో వాటి గింజలు దొరికాయి. కానీ అవి చలికాలపు పంటలు, వాటికి ఆ రోజుల్లో తడి కావాలి. మన మెట్టలో చలికాలం తడెక్కడిది? అందుకే అవి ఇక్కడ పెద్ద పంటలు కాలేకపోయాయి.

ఆఫ్రికా నుంచి వచ్చినవి మాత్రం ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాయి. సజ్జను మొదట సాగుచేసింది పశ్చిమాఫ్రికాలో, సహారా ఎడారి అంచున. జొన్న పుట్టిల్లు సూడాన్ వైపు. రాగి పుట్టిల్లు ఇథియోపియా, ఉగాండా ఎత్తు ప్రాంతాలు. మనం ఇష్టంగా తినే అనపకాయ కూడా ఆఫ్రికాదే. కర్ణాటకలోని హళ్ళూరు దిబ్బలో సజ్జ, అనప గింజలు మూడున్నర వేల ఏళ్ళ నాటి పొరల్లో దొరికాయి. ఎండను తట్టుకుని, వానకు పెరిగి, తక్కువ నేలలో పండే గుణం వీటికి ఉంది. వాటి సొంత ఊరి వానలు కూడా మన వానల్లాంటివే. అందుకే అవి ఇక్కడ కుదిరాయి.

కొర్ర కూడా మనదని అనుకుంటాం. దాన్ని మొదట పండించింది ఉత్తర చైనాలో. సామ, అరిక మాత్రం మన దేశపు గింజలు. కంది కూడా మనదే. దాని అడవి చుట్టం బస్తర్, ఒడిశా, తూర్పు కనుమల అడవుల్లో ఇప్పటికీ పెరుగుతోంది. ఒడిశాలోని పాత ఊళ్ళలో మూడు వేల ఏళ్ళ నాటి కందిగింజలు దొరికాయి. కందిపప్పు లేని ఆంధ్రుల పప్పుకూడు మనం ఊహించుకోలేం. అలాంటి కందిని కూడా తూర్పు అడవుల అంచున ఎవరో రైతులు మచ్చిక చేస్తేనే మనదాకా వచ్చింది.

మన పాత రైతు ఈ పంట ఎక్కడిదని అడగలేదు. మన వానకు తట్టుకుంటుందా అని మాత్రం చూశాడు. గోధుమను పంపేశాడు, సజ్జను ఉంచుకున్నాడు.

వరి పెద్దరికం

వరి మెట్టనేలకు ఆలస్యంగా వచ్చింది. దక్షిణాదిన అది బాగా కనబడేది ఇనుము వచ్చిన తర్వాతి కాలంలోనే. వరికి నిలవనీరు కావాలి. ఏరు పక్కనో, చెరువు కిందో తప్ప సాగదు. కాకతీయుల కాలంలో రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులు తవ్వించాక తెలంగాణలో వరిమళ్ళు విస్తరించాయి. మన సీమలోనూ రాజులు, దండనాయకులు చెరువులు కట్టించారు.

నీళ్ళున్న చోట ధనం ఉంటుంది. ధనమున్న చోట వరి ఉంటుంది. అలా వరికూడు పెద్దింటి కూడయింది. జొన్నకూడు, సజ్జసంగటి బీదింటి కూడయింది. పల్నాటి జొన్నకూటిని ఎకసెక్కం చేస్తూ శ్రీనాథుడి పేరు మీద చాటుపద్యాలు ప్రచారంలో ఉన్నాయంటే ఆ చిన్నచూపు ఎంత పాతదో చూడండి. ఆ జొన్న తినే పల్నాటివాళ్ళ వీరకథను పద్యంగా కట్టినదీ ఆ శ్రీనాథుడే!

1983లో అప్పటి ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకే బియ్యం ఇచ్చింది. పేదవాడి ఇంట పండుగనాడు మాత్రమే వండే వరన్నం రోజూ తినే అన్నమయింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. అయితే ఇంటి తిండికోసం వేసుకునే జొన్న, కొర్ర, అండుకొర్ర చేలు తగ్గిపోయాయి. తినేవాడు లేనిచోట విత్తేవాడు ఎక్కడుంటాడు? ఆ చేలలోకి శనక్కాయ లాంటి అమ్ముడు పంటలు వచ్చాయి.

మిరపకాయ నిన్నమొన్నటిది

ఇక్కడ మరో విచిత్రం. పచ్చిమిరపకాయ లేని పచ్చడి, శనక్కాయల చట్నీ లేని ఉగ్గాణి మనం తినగలమా? ఈ రెండు పంటలూ అమెరికా ఖండాలవి. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాక, పోర్చుగీసువాళ్ళ ఓడల రాకపోకలతో 16వ శతాబ్దం నుంచి ఇవి మన దేశంలోకి దిగాయి. అంతకు ముందు మన కూరకు కారం ఇచ్చింది మిరియం. ఆ మిరియం పేరే కొత్త కాయకు అంటుకుని మిరపకాయ అయింది. తమిళులు కూడా మిళగు పేరుమీదే మిళగాయ్ అన్నారు.

మొక్కజొన్న, టమాట, ఆలుగడ్డ, జామ, బొప్పాయి, జీడిమామిడి, పొగాకు, సీతాఫలం కూడా ఆ ఖండాల నుంచి వచ్చినవే. సీమచింత, సీమవంకాయ అని మన వాళ్ళు పెట్టిన పేర్లలోనే వాటి పుట్టుక తెలిసిపోతుంది. సీమ అంటే అక్కడ పరాయి దేశం అని అర్థం.

శనక్కాయ దక్షిణ అమెరికా పంట. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఒకప్పుడు కనుచూపు మేర అదే ఉండేది. పంట పండిన ఏడు డబ్బు ఇచ్చింది, ఇల్లు కట్టించింది, పెళ్ళిళ్ళు చేయించింది. వాన తప్పిన ఏడు మాత్రం జిల్లా మొత్తాన్ని ఒకేసారి ముంచింది. తప్పు శనక్కాయది కాదు. ఉన్న నేలంతా ఒకే పంటకు అప్పజెప్పడం మీదే ఆలోచించాలి. ఆ బూడిద దిబ్బల రైతు రెండు ధాన్యాలు, రెండు పప్పులు, దొడ్డినిండా పశువులు పెట్టుకున్నాడు. ఒకటి పోతే ఒకటి ఆదుకుంటుందని అతనికి తెలుసు. ఆ అతుకుల బతుకే వేల ఏళ్ళు నిలబెట్టింది.

మనం పోగొట్టుకుంటున్నది ఏమిటి?

దిబ్బలో మాడిన గింజ మొలవదు. చేనిలో ఉన్న గింజే మొలుస్తుంది. ఒక ఊళ్ళో ఆఖరి రైతు అండుకొర్ర విత్తనం దాచడం మానేసిన రోజున ఆ ఊరి నేలకు, ఆ ఊరి వానకు అలవాటు పడిన రకం పోయినట్టే. పక్క జిల్లా నుంచి వేరే విత్తనం తెచ్చుకోవచ్చు. కానీ పోయిన రకం మళ్ళీ రాదు.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల రకాలు లక్షా ఇరవై వేలకు పైగా చలిగదుల్లో భద్రంగా ఉన్నాయి. అది గొప్ప పని. అయితే చలిగదిలో ఉన్న గింజ మారుతున్న వానల్ని చూడదు, కొత్త పురుగుల్ని చూడదు. ఏటా చేనిలో పడి లేచే గింజే వాటికి అలవాటు పడుతుంది. ఆ పని చేయగలిగింది రైతులే. జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత రకాల విత్తనాల్ని ఇళ్ళలో దాచి, ఇచ్చిపుచ్చుకుంటూ కాపాడుతున్నాయి. వాళ్ళకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. వాళ్ళలో ఎక్కువమంది ఒకటి రెండు ఎకరాల చిన్న రైతులే.

ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పట్నాల్లో కొర్రలు, అండుకొర్రలు రంగు సంచుల్లో అమ్ముతున్నారు. అయినా కేంద్రం 2024-25కు ప్రకటించిన మద్దతు ధరల జాబితాలో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి గాని ఉలవ, కొర్ర, అండుకొర్ర లేవు. అందుకని ఉన్న చేనంతా వీటికే పెట్టండని మేము చెప్పం. అమ్మకం చూసుకోకుండా ఎకరాలకెకరాలు వేస్తే నష్టపోయేది మీరే. ఇంటి తిండికి, విత్తనానికి సరిపడా వేసుకోండి. మిగిలితే అమ్ముకోండి.

మీరు చేయదగిన పనులు

- అయిదు పది సెంట్లయినా పాత పంటకు కేటాయించండి. ఇంట్లో తినే గింజ అయితే విత్తనం దానంతటదే నిలుస్తుంది.

- ముంగారు తప్పి చేను బీడుపడితే ఉలవను మరిచిపోకండి. ఆగస్టు, సెప్టెంబరు వానకు విత్తినా ఎంతో కొంత చేతికొస్తుంది. కాయ రాకపోయినా పశువులకు మేత, నేలకు సత్తువ. అండుకొర్ర కూడా సుమారు మూడు నెలల్లో కోతకు వస్తుంది.

- ఉలవ, అండుకొర్ర, కొర్ర తమ పుప్పొడితోనే తాము కాయ పట్టే పంటలు. కాబట్టి విత్తనం కట్టడం తేలిక. చేను నడిమధ్య, బలంగా ఉన్న మొక్కలకు ముందే గుర్తు పెట్టి, వాటి కంకులు, కాయలు విడిగా కోయండి. సజ్జ అలా కాదు, పక్క చేని పుప్పొడి వచ్చి పడుతుంది. 200 మీటర్ల లోపు వేరే సజ్జ లేకుండా చూసుకుంటేనే మీ రకం చెడకుండా ఉంటుంది.

- విత్తనాన్ని బాగా ఎండబెట్టి, చల్లారాక, బూడిదా వేపాకూ కలిపి తడి తగలని కుండలోనో డబ్బాలోనో పోసి మూతకు పేడమట్టి మెత్తండి. పెద్దలు చేసిన ఈ పద్ధతి పురుగును బాగా అరికడుతుంది. మీ దగ్గరున్న విత్తనంలో కొంత మరో ఇద్దరికి ఇవ్వండి. మీకు పంట పోయిన ఏడు వాళ్ళ దగ్గర దొరుకుతుంది.

- మీ విత్తనం మీద మీకు చట్టప్రకారం హక్కుంది. మొక్కల వంగడాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చింది. మీరు పండించిన విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, కంపెనీ పేరు వేయకుండా అమ్ముకోవచ్చు. మీ ఊళ్ళో తరతరాలుగా వస్తున్న రకాన్ని రైతుల రకంగా నమోదు చేయించుకునే వీలు కూడా ఉంది. వివరాలకు దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి.

- ఆఖరుగా పాటిదిబ్బ సంగతి. ఎరువుకోసం తవ్వుకుపోవడంతో చాలా బూడిద దిబ్బలు ఇప్పటికే నేలమట్టమయ్యాయి. దిబ్బను ఒకసారి తవ్వి చేనిలో చల్లాక, అందులోని కథను ఎంత పెద్ద పండితుడూ చదవలేడు. పొరలన్నీ కలిసిపోతాయి గదా. మీ ఊళ్ళో అలాంటి దిబ్బ ఉంటే, రాతి గొడ్డళ్ళు, నూరుడు రాళ్ళు, మందపాటి బూడిద పొరలు కనబడితే, తవ్వకం ఆపి పురావస్తు శాఖ వారికి కబురు చెయ్యండి. చేనికి కావలసిన సత్తువ పశువుల ఎరువుతో, చెరువు మట్టితో, పచ్చిరొట్టతో తెచ్చుకోవచ్చు.

ఈసారి ఉలవలు చేటలో పోసి చెరిగేటప్పుడు మీ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. వీటిని మొదట విత్తినవాళ్ళు ఈ చుట్టుపక్కల నేలల్లోనే బతికారని, వాళ్ళు ఎత్తిపెట్టిన విత్తనమే చేతులు మారుతూ మన ఇంటిదాకా వచ్చిందని చెప్పండి. ఆ తర్వాత అందులోంచి రెండు శేర్లు మంచివి ఏరి, పై ఏటి విత్తనానికి పక్కన పెట్టండి.